చుట్ట మానలేని నాన్నకి ఫ్లేవనాయిడ్ క్యాప్సూల్స్ ఇస్తే డిఎన్ఏ దెబ్బతినకుండా ఉంటుందా?

క్యాప్సూల్స్ కొనకండి. కటువుగా అనిపిస్తే ఏమనుకోకండి, మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అమ్మమ్మ అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకోవడం. మా వైపు పాతతరం ఆడవాళ్ళలో చాలామందికి ఉండేది. నాట్లు వేస్తున్నా, నూతిలో నీళ్ళు తోడుతున్నా చుట్ట నోట్లోనే, గాలికి ఆరదు, చేతులు ఖాళీ. నేను గోల పెడితే "ఏటవుతాదిరా నాయనా, మా యమ్మ కాల్చలేదేటి?" అనేది. తిండి చూస్తే పొద్దున్నే చోడి అంబలి, అందులోకి పచ్చి ఉల్లిపాయ, మునగాకు కూర, కాలానికి నేరేడు పళ్ళు. మీరడిగే ఫ్లేవనాయిడ్లు, అంటే ఉల్లిలో, ఆకుకూరల్లో, పళ్ళలో సహజంగా ఉండే పదార్థాలు, రోజూ ఆవిడ కంచంలో ఉండేవి. అయినా ఒకరోజు పులుసు తగిలి నోరు మండి కంచం పక్కకి నెట్టేసింది. అంగిలంతా తెల్లబడి, మధ్యలో పుండు. ఎన్నాళ్ళ నుంచి ఉందో, నోరు తెరిచి చూపించమని ఎవరం అడగలేదు. విశాఖ తీసుకెళ్తే క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ తర్వాత తాగిన అంబలి ముక్కులోంచి వచ్చేసేది. ఏడాది బతికింది.

మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని చూసి, అడ్డపొగ వల్ల అంగిలి ఎలా పాడవుతుందో 1971లోనే అచ్చువేశారు. ఆ కబురు మా ఊరికి ఎవరూ మోసుకురాలేదు, అదే నా బాధ.

క్యాప్సూల్ అమ్మేవాళ్ళు మాత్రం వచ్చారు. శ్రీకాకుళంలో మీటింగ్ పెట్టి, గ్లాసు నీళ్ళలో అయోడిన్ చుక్కలేసి, పొడి కలిపి రంగు పోగొట్టి, ఒంట్లోనూ ఇంతే అని మా పిన్నికి డబ్బా అంటగట్టారు. నిమ్మకాయ పిండినా ఆ రంగు పోతుందండీ! గ్లాసులో ఫ్లేవనాయిడ్ తన హైడ్రోజన్ని, కణాల్ని పాడుచేసే చురుకైన అణువైన ఫ్రీ రాడికల్‌కి ఇచ్చి దాన్ని చల్లారుస్తుంది, అలాంటి రాడికల్స్ పుట్టించే ఇనుమునీ పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ మనం తింటే రక్తంలోకి చేరేది కొంచెమే, అదీ పేగులూ కాలేయమూ రూపం మార్చేశాక. ఫ్రీ రాడికల్స్‌లో అతి చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్ అయితే, ఆ కొంచెం చేరేలోపే, పుట్టినచోటే పక్కనున్న దాన్ని కొట్టేస్తుంది. డిఎన్ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కి అది తగిలితే, కణం కాపీ తీసేటప్పుడు దాని ఎదుట సి అక్షరం ఉండాల్సినచోట ఎ అక్షరం తప్పుగా పడిపోవచ్చు. ఇలాంటివి కణమే చాలావరకు బాగుచేసుకుంటుంది, కానీ రోజూ నిప్పూ పొగా తగులుతుంటే ఎంతకని బాగుచేస్తుంది?

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకి ఏళ్ళ తరబడి బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌కి రంగునిచ్చే పదార్థం, మాత్రలుగా ఇచ్చి చూశారు, 1994లో ఫలితం చెప్పారు. మాత్ర వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అది ఫ్లేవనాయిడ్ కాదు, కానీ దాన్నీ ఫ్రీ రాడికల్స్‌ని చల్లారుస్తుందన్న ఇదే మాట మీద నమ్మారు.

ఉల్లిపాయ, జామకాయ, నేరేడు శుభ్రంగా పెట్టండి. ఉల్లి పైపొరల్లోనే క్వెర్సెటిన్ ఎక్కువ, రెండు మూడు పొరలు ఒలిచి పారేయకండి. ఆ క్యాప్సూల్స్ డబ్బుతో చుట్ట మాన్పించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ రాత్రికే టార్చి వేసి నాన్నగారి నోరు చూడండి, అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద. తెల్ల మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనబడితే పళ్ళ డాక్టరుకి చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మా అమ్మమ్మకీ ఆ పులుసు తగిలేదాకా నొప్పి లేదు.