మీ అబ్బాయి ఎవరికి భయపడి అబద్ధమాడాడు?

ఉత్తరం: నా వయసు 61. పన్నెండేళ్లుగా సేంద్రియ పద్ధతిలో కూరగాయలు పండిస్తున్నాం. మందులు మానేసిన మొదటి మూడేళ్లు దిగుబడి పడిపోయి ఇల్లు గడవడమే కష్టమైంది. అయినా నిలబడ్డాను. శని, ఆదివారాలు నగరంలో మార్కెట్‌లో బల్ల వేసుకుని నేరుగా అమ్ముతాం. నా పేరు మీద నమ్మకంతో వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఎండాకాలం పంట బాగా తగ్గింది. ఒక శనివారం బల్ల సగం ఖాళీగా ఉందని, బెండకాయలు ముదిరిపోయాయని మా అబ్బాయిని కొనేవాళ్ల ముందే గట్టిగా అన్నాను. వాడి మంచికే అన్నాను. తర్వాతి వారం నాకు ఎండదెబ్బ తగిలి ఇంట్లో ఉండిపోయాను. వాడు ఒక్కడే వెళ్తూ దారిలో హోల్‌సేల్ మార్కెట్‌లో రెండు క్రేట్ల టమాటాలు కొని, మా పొలంవే అని అమ్మేశాడు. బండిలో మావి కాని క్రేట్లు చూసి అడిగితే ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటం లేదు. ఇవాల్టికి 23 రోజులు. మార్కెట్‌కు మాత్రం ఒకే బండిలో వెళ్తున్నాం, రెండు గంటల దారి. మధ్యలో నా భార్య నలిగిపోతోంది. వాడికి 33 ఏళ్లు, పెళ్లయింది. చిన్నప్పటి నుంచి క్రమశిక్షణలోనే పెంచాను. వాడిని వ్యవసాయం మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమననా? వాడికి నిజాయితీ ఎలా నేర్పాలి?

జవాబు: అయ్యా, ముందు మీ రెండు ప్రశ్నల సంగతి చూద్దాం. ఉద్యోగం చూసుకోమనకండి. ఇక 33 ఏళ్ల మనిషికి నిజాయితీ నేర్పే పద్ధతులు నా దగ్గర లేవు. అసలు మీ అబ్బాయికి అది లేదని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించలేదు. మోసం చేసే అలవాటున్నవాడు ఆ క్రేట్లను ఇంటిదాకా తెచ్చి మీ కళ్ల ముందు పెట్టడు. అడగ్గానే ఒప్పుకోడు.

అలాగని అతను చేసింది చిన్న తప్పని నేను అనను. చాలా తప్పు. మందులు మానేసిన పొలానికి సేంద్రియ ముద్ర రావాలంటే చాలాచోట్ల రెండు మూడేళ్లు ఆగాలని నిబంధన ఉంది. ఆ కాలంలో పంట తగ్గుతుంది, ధర మాత్రం మామూలు పంటకు వచ్చేదే వస్తుంది. మీ ఇల్లు ఆ మూడేళ్లు ఎలా గడిచిందో మీరు రాశారు. ఆ కష్టమంతా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పండించిన టమాటాకు అంటగట్టి అమ్మడం కుదరదు. బల్ల దగ్గర ఎవరూ ల్యాబ్ రిపోర్టు అడగరు. మీ మొహం చూసి సంచి తెరుస్తారు. అందుకే వారంవారం వచ్చేవాళ్లకు జరిగింది చెప్పి తీరాలి. దాని గురించి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. ‘కొనేవాళ్ల ముందే గట్టిగా అన్నాను. వాడి మంచికే అన్నాను.’ మొత్తం కథ అక్కడ మొదలైంది. మీరు మాత్రం తర్వాతి శనివారం నుంచి లెక్కపెడుతున్నారు.

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఒకావిడ బెండకాయ చేతిలోకి తీసుకుని కొన విరిచి చూసి ఉంటుంది. లేతదైతే టక్కున విరుగుతుంది. అది విరగలేదు, వంగి నార సాగింది. ఆవిడ ఏమీ అనకుండా కాయ పక్కన పెట్టింది. మీకు తల తీసేసినట్టయింది. అప్పుడు మీరు కొడుకు వైపు తిరిగారు.

కానీ బెండ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఎండలు ముదిరాక రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క కోత తప్పినా, ఆకు చాటున నాలుగు కాయలు కంటపడకపోయినా, ముదిరిపోతాయి. కోసేది తెల్లవారుజామున, తలకు లైటు కట్టుకుని. ఆ నూగుకు చేతులు మంట పుడతాయి. కోసినవాటిని తడి గోనెసంచి కప్పి నీడకు చేర్చేసరికి తెల్లారిపోతుంది. ఆ వారం మీ పొలంలో ఎంతమంది ఉన్నారు, కోత ఎందుకు తప్పింది? మీరు రాయలేదు. అడిగారో లేదో కూడా రాయలేదు.

టమాటా సంగతీ అంతే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిపూట కూడా వేడి దిగకపోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు. పూత పూసినట్టే పూసి రాలిపోతుంది, పిందె కట్టదు. పొడి వేడికి ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి తోడవుతుంది. వేపనూనె కొడదామంటే మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం దాకా ఆగాలి. ఆకుకూరలేమో వేడికి తొందరపడి పూతకొస్తాయి. ఎండాకాలం సగం ఖాళీ బల్ల అంటే నిజాయితీగా పండించే ఇంటి బల్ల. పన్నెండేళ్ల అనుభవంతో మీరు ఆ మాట కొనేవాళ్లకు చెప్పి ఉంటే ఆవిడ అర్థం చేసుకునేది. మీరు చెప్పలేదు. ఎండ చేసిన పనికి కొడుకును నిలబెట్టి అడిగారు.

తర్వాతి శనివారం మీరు మంచం మీద ఉన్నారు. మీ పని కూడా అతని మీదే పడింది. ఎండదెబ్బ తగిలిన తండ్రిని ఇంట్లో వదిలి, వచ్చినంత సరుకు బండికెత్తుకుని ఒక్కడే బయల్దేరాడు. రెండు గంటల దారిలో అతని చెవుల్లో ఏ మాటలు మోగుతూ ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. ఖాళీ బల్లతో ఇంటికొస్తే మీరేమంటారో అతనికి తెలుసు. అందుకే దారిలో బండి ఆపాడు. ఆ టమాటాలు కొన్నవాళ్లతో చెప్పిన అబద్ధం అసలు మీ కోసం తయారైంది. డబ్బు కోసమే అయితే ఈ పన్నెండేళ్లలో ఎన్ని ఎండాకాలాలు రాలేదు?

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మా నాన్నగారికి చిన్న వ్యాపారం ఉండేది. చాలా నిక్కచ్చి మనిషి, పైసా తేడా ఒప్పుకునేవారు కాదు. మా అన్నయ్య 20 ఏళ్లప్పుడు అందులో చేరాడు. 43 ఏళ్లు వచ్చేదాకా గల్లాపెట్టె తాళం ముట్టుకోలేదు. తన కూతురికి చెప్పులు కొనాలన్నా నాన్నగారి ముందు నిలబడి అడగాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు లెక్క తప్పు రాశాడు, చాలా చిన్న మొత్తాలు. నాన్నగారికి అది దొంగతనంలా కనిపించింది. నాకూ అప్పట్లో అలాగే కనిపించింది. అడగలేక అలా చేశాడని నాకు అర్థమయ్యేసరికి నాన్నగారు లేరు. ఆ తర్వాత మొదటి చెక్కు మీద సంతకం పెట్టడానికి అన్నయ్య చెయ్యి వణకడం నేను పక్కన కూర్చుని చూశాను. ఆ వణుకు నేను మర్చిపోలేదు. ఎదిగిన కొడుకుకు ఇంట్లో గౌరవం లేకుండా చేయడం కూడా తప్పేనని అప్పటినుంచి నా నమ్మకం. తండ్రి చేసినా సరే.

మీ ఉత్తరం మళ్లీ చదవండి. ‘నిలబడ్డాను’, ‘నా పేరు’, ‘పెంచాను’. మీ అబ్బాయి దుక్కి దున్నినట్టు గానీ, నారు పోసినట్టు గానీ, బండి నడిపినట్టు గానీ ఎక్కడా లేదు. ఉత్తరం మొత్తంలో అతను చేసినట్టు కనిపించే పని ఆ తప్పు ఒక్కటే. అతనికి నెలకింత అని చేతిలో పెడుతున్నారా? ఏ మడిలో ఏం వేయాలో అతను ఎప్పుడైనా నిర్ణయించాడా? కోడలు తనకేదైనా కావాలంటే ఎవరిని అడుగుతోంది?

సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య ఐఫోమ్ 2005లో నాలుగు సూత్రాలు ఆమోదించింది. ఆరోగ్యం, పర్యావరణం, న్యాయం, జాగ్రత్త. ఇన్నేళ్లుగా ఈ రంగంలో ఉన్నారు, మీరు వినే ఉంటారు. అందులో న్యాయం అన్నది కొనేవాళ్ల దగ్గర ఆగిపోదు. పండించేవాళ్లకు, పనిచేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. నేలకు ఏం కావాలో మీరు వంగి చూస్తారు, మట్టి పట్టుకుని తడి ఉందో లేదో తెలుసుకుంటారు. ఆ ఓపికలో పావు వంతు కూడా మీ అబ్బాయికి దక్కినట్టు నాకు కనిపించలేదు. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. మీ ఉత్తరంలో కోపం కింద చాలా బాధ ఉంది. వాడు నా నమ్మకాన్ని వమ్ము చేశాడన్న బాధ. ఆ బాధ నిజమే. కానీ అవతలివైపు కూడా 33 ఏళ్ల బాధ ఉంది, దాని గురించి మీకు ఎవరూ ఉత్తరం రాయలేదు.

ఇక ఈ 23 రోజుల మౌనం. ‘మీ నాన్న క్రేట్లు కడగమన్నారు’, ‘డీజిల్ పోయించాలట’ అని మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తున్నది మీ ఆవిడే అని వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున లేచి, ఎండలో పని చేసి, పైగా ఈ టెన్షన్. ఆవిడకు ఈ శిక్ష ఎందుకు? తప్పు చేసినవాడిని మందలించడం పెద్దరికం. మాట్లాడకుండా వారాలకు వారాలు కూర్చోవడాన్ని నేను పెద్దరికం అనలేను.

ఈ శుక్రవారం రాత్రి లెక్కల పుస్తకం తీసి మీ అబ్బాయి ముందు పెట్టండి. ఆదాయం, అప్పు, పెట్టుబడి అన్నీ చూడనివ్వండి. అతనికీ కోడలికీ ఇంత అని ఒక వాటా అక్కడే మాట్లాడుకోండి. నెలనెలా అడగకుండా అందేలా ఉండాలి. పొలంలో ఏదో ఒక చెక్క పూర్తిగా అతనికి వదిలేయండి, అందులో ఏం వేసినా మీరు నోరెత్తకూడదు. ఎండలు తగ్గేదాకా కోత సమయం, మనుషుల లెక్క అతన్నే చూసుకోనివ్వండి. మీకు ఒకసారి ఎండదెబ్బ తగిలింది కాబట్టి, పది దాటాక మీరు పొలంలో ఉండకూడదు. ఇందులో మాత్రం బేరం లేదు.

శనివారం బల్ల మీద చిన్న పలక పెట్టండి. ‘గత నెల ఒక రోజు మేము బయట కొన్న టమాటాలు మావని చెప్పి అమ్మాం. అది తప్పు. ఎండలకు పంట తగ్గింది, ఈరోజు ఉన్నవే మా పొలంవి’ అని రాయండి. ‘మా అబ్బాయి అమ్మాడు’ అని రాయకండి, ‘అమ్మాం’ అని రాయండి. ఎవరైనా డబ్బు వెనక్కి అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేయండి. మీరు సర్టిఫికెట్ కోసం తోటి రైతులతో కలిసి గ్రూపులో ఉంటే, వాళ్లకు కూడా ముందే మీ నోటితో చెప్పండి. ఆ రోజు కొందరు మొహం తిప్పుకుని వెళ్లిపోవచ్చు. ఆ కాసేపు మీరు మీ అబ్బాయి పక్కనే నిలబడాలి.

వీటన్నిటికంటే ముందు, బండి ఎక్కినప్పుడు మొదటి మాట మీదే కావాలి. అతను స్టీరింగ్ దగ్గర కూర్చుంటాడు, మీరు పక్కన. క్షమాపణ లాంటి పెద్ద మాటలు మీ నోటికి రాకపోవచ్చు, ఫరవాలేదు. ఆ రోజు బెండకాయలు ముదరడం నీ తప్పు కాదురా, అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది అని చెప్పండి. తర్వాత అతను ఎంతసేపు మాట్లాడకపోయినా మీరు ఆగండి. రెండు గంటల దారి ఉంది.