జ్వరానికి 1,640 డాలర్లు కట్టినోడి మాట విను తమ్ముడూ

నువ్వు అడిగింది రెండే ముక్కలు, ఇండియా నుంచి అమెరికాకి మందులు తెచ్చుకోవచ్చా, నాన్నగారు వస్తే బీపీ షుగర్ మాత్రల సంగతేంటి అని. రూల్స్ ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడ మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, సైట్లో ఉంటాయి చూసుకో. మూడు నెలలకి మించకుండా, డాక్టర్ చీటీతో, కంపెనీ ప్యాకింగ్‌లోనే తెచ్చుకుంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. డబ్బులు పోయేది అక్కడ కాదులే, మందు అసలు పేరు తెలియక పోతాయి. ఎలాగో చెప్తా, కాస్త ఓపిక పట్టు, పెద్ద మెసేజ్ కనపడగానే మీ వయసు వాళ్ళకి ఆవలింతలొస్తాయని తెలుసు.

2009లో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో నలుగురం ఒక టూ బెడ్రూమ్‌లో ఉండేవాళ్ళం. జనవరిలో నాకు జ్వరం పట్టుకుంది. అమ్మ సర్దిచ్చిన డబ్బాలో డోలో 650 ఉంటే ఆరు గంటలకొకటి వేసుకున్నా. అది చాలదన్నట్టు రూమ్మేట్ జలుబు సిరప్‌లు తెచ్చాడు, పగలు తాగేదొకటి, రాత్రి తాగేదొకటి, అవీ పట్టించా. మన పారాసిటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారని, టైలినాల్ అన్నా అదేనని నాకేం తెలుసు? ఆ సిరప్‌లు ఒక్కో డోసులోనూ అదే మందు, అదే 650 మిల్లీగ్రాములు. నాలుగు డోలోలు, నాలుగు డోసుల సిరప్, లెక్కేస్తే రోజుకి 5,200. పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4,000 దాటకూడదు, దాటితే లివర్ మీద పడుతుంది. సీసా వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది, చదివిందెవరు.

రెండో రోజు రాత్రి వాంతులు మొదలయ్యాయి, భయపడి ఈఆర్‌కి, అదే హాస్పిటల్ ఎమర్జెన్సీకి, తీసుకెళ్ళారు. ఏం టాబ్లెట్ వేసుకున్నావని నర్సు అడిగితే జేబులోంచి స్ట్రిప్ తీసిచ్చా. తెనాలిలో మెడికల్ షాపు అతను కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్క అది, పేరున్న సగం అక్కడే ఉండిపోయింది, దీని మీద 'లో 65' అని మాత్రం మిగిలింది. ఆవిడ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నా మొహం చూసింది. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు, దేవుడి దయవల్ల లివర్‌కి ఏం కాలేదు, పొద్దున్నే ఇంటికి పంపేశారు.

నెల తర్వాత బిల్లు. ఇన్సూరెన్స్ ఉండి కూడా నా వాటా 1,640 డాలర్లు! జనవరి కదా, డిడక్టబుల్ అప్పుడే మళ్ళీ మొదటికొచ్చింది, అంటే ఏడాదిలో ముందు నీ జేబులోంచి కట్టాల్సిన వాటా అన్నమాట. అప్పుడు డాలర్ 48 రూపాయలు, దగ్గర దగ్గర 79 వేలు, మా నాన్నకి ఆ ఏడు మినుములమ్మితే అంత రాలేదు. ఇంట్లో చెప్పలేదు. నెలకి 100 చొప్పున తీర్చుకుంటానని బిల్లింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే వడ్డీ లేకుండా ఒప్పుకున్నారు, అడిగితే చాలా చోట్ల ఒప్పుకుంటారు, మీరు అడగరు అంతే.

అంతటితో బుద్ధొచ్చిందనుకున్నావా. 2014లో నాకు బీపీ అన్నారు, లిసినోప్రిల్ రాశారు. నెల తిరక్కుండా పొడి దగ్గు, గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు. చలికాలం కదా, హీటర్ గాలి పడట్లేదనుకుని హ్యూమిడిఫయర్ కొన్నా, సిరప్‌లు కొన్నా, మా ఆవిడ శొంఠి కాఫీ పెట్టేది, మిరియాల పాలు కాచేది. అర్జెంట్ కేర్‌కి, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి, రెండుసార్లు వెళ్ళా, ఎక్స్‌రే తీయించా, మొత్తం 400 పైనే వదిలింది. చివరికి రీఫిల్ కోసం లైన్లో దగ్గుతూ నిలబడితే ఫార్మసిస్ట్ అమ్మాయే అడిగింది, ఈ మాత్ర మొదలెట్టాకే దగ్గొచ్చిందా అని. ఆ జాతి బీపీ మందులతో ఒంట్లో బ్రాడికైనిన్ అనేది పేరుకుని కొంతమందికి దగ్గొస్తుందట. డాక్టర్ లోసార్టాన్‌కి మార్చాడు, మూడు వారాల్లో దగ్గు మాయం. ఆ అమ్మాయి ఒక్క పైసా తీసుకోలేదు. ఈ దేశంలో అపాయింట్‌మెంట్ లేకుండా, ఫ్రీగా మాట్లాడే చదువుకున్న మనిషి ఫార్మసిస్ట్ ఒక్కరే, వాడుకోండయ్యా. అలాగని దగ్గొచ్చిందని బీపీ మాత్ర నీ అంతట నువ్వు ఆపేయకు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. అదే పెదాలో నాలుకో వాస్తే మాత్రం డబ్బు లెక్కలు పక్కన పెట్టి ఎమర్జెన్సీ నంబర్ 911 కొట్టు.

ఇక నాన్నగారి సంగతి. మనవైపు షుగర్‌కి, బీపీకి రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా ఇస్తారు, అదే కాంబినేషన్ ఇక్కడ దొరక్కపోవచ్చు. బ్రాండ్ పేరు చెప్తే ఎవరికీ అర్థం కాదు, లోపల మందుల పేర్లు, మిల్లీగ్రాములు ఒక కాగితం మీద టైప్ చేయించు. షుగర్ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ ఉందేమో చూడు, ఉంటే ఫ్లైట్‌లో మాత్ర వేసుకుని 'ఈ తిండి నాకొద్దు' అంటే కుదరదు, షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ప్రయాణం రోజు ఎలా వేసుకోవాలో అక్కడి డాక్టర్‌నే అడగమను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత భయం లేదు, కడుపు గడబిడ చేస్తుంది, అన్నంతో వేసుకోవాలి, ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. డబ్బా మీద ఈఆర్ అని ఉంటే కంగారు పడకు, అది మెల్లగా కరిగే రకం, నేను 1,640 కట్టిన ఈఆర్ కాదు. ముక్కు దిబ్బడ మాత్రల్లో పేరు చివర 'డి' ఉన్నవి ఫార్మసిస్ట్‌ని అడక్కుండా ఆయనకివ్వకు, బీపీ పెంచుతాయి.

మామూలు జెనరిక్ మందులకి వాల్‌మార్ట్‌లో 2006 నుంచి 4 డాలర్ల లిస్టు ఉంది, నెలకి 4, మూడు నెలలకి 10, ఒక్కోసారి నీ ఇన్సూరెన్స్ కోపే, అంటే ఇన్సూరెన్స్ ఉన్నా మందుకి నువ్వు కట్టే వాటా, దానికన్నా అదే చవక. ఏటా ఒకసారి చెకప్ నెట్‌వర్క్‌లో, అంటే నీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందమున్న డాక్టర్ దగ్గర, ఫ్రీ, కానీ అందులో 'డాక్టర్ గారూ, మోకాలు కూడా నొప్పిగా ఉంది' అన్నావో దానికి వేరే బిల్లు రావచ్చు, నాకు 180 వచ్చింది.

నీ డబ్బాలో ఉన్న స్ట్రిప్పుల వెనక వైపు ఫోటోలు తీసి పంపు, పిల్లలు పడుకున్నాక చూసి దేన్ని ఇక్కడ ఏమంటారో రాస్తా. కత్తిరించిన ముక్కలు పంపకు.