భార్య వీసా వచ్చేదాకా ఇండియాలో ఉండి అమెరికా ఉద్యోగం చేసుకోవచ్చా?

మీ పరిస్థితి నాకర్థమైనంత వరకు ఇదీ: మీరు డాలస్‌లో ఉంటున్న అమెరికా పౌరులు, పెళ్లయి ఏడాది కాలేదు, భార్యను అమెరికా తెచ్చుకోవడానికి ఐ-130 అనే పిటిషన్ వేశారు, ఆమె గుంటూరులో ఉన్నారు. మీ పని ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడినుంచైనా చేసేదే. మీరు ఇండియా వెళ్లి ఉండాలా, లేక ఆమెనే విజిటర్ వీసా మీద పిలిపించి, ఆమె ఉద్యోగం అక్కడినుంచి చేయించాలా అని అడిగారు.

మీరే వెళ్లండి. మా ఆయన వీసా కోసం నేను అదే చేశాను. మాదీ డాలస్ పక్కనే, ఆయనది విజయవాడ. పిటిషన్ వేశాక చాలా భాగం అత్తగారింట్లోనే ఉండి అమెరికా ఉద్యోగం చేశాను. వీడియో కాల్స్‌తో గడవాల్సిన రోజుల్లో కాపురం చేసుకున్నాం. దానికి వెల కట్టలేను.

ఆమెను విజిటర్ వీసా మీద పిలిచే ఆలోచన మానుకోండి. ఐ-130 పెండింగ్‌లో ఉందంటే అమెరికాలో స్థిరపడే ఉద్దేశం కాగితం మీదే ఉన్నట్టు. బీ2, అంటే విజిటర్ వీసా, ఇంటర్వ్యూలో 214(బి) కింద (తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని) తిప్పి పంపడానికి అదొక్కటి చాలు. ఇచ్చినా అది ఉద్యోగం చేసుకోవడానికిచ్చే వీసా కాదు. జీతం ఇండియా కంపెనీ ఇస్తోంది కదా అని ధైర్యం చేస్తే, రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఆ ప్రశ్న ఎదురుకావచ్చు.

ఇక మీ ప్రయాణం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇండియా ఇచ్చేది) లేకపోతే ముందు అది తీసుకోండి. టూరిస్ట్ ఈ-వీసా మీద వెళ్లి ఉద్యోగం చేయకూడదు.

అందరూ ఆదాయం గురించి భయపడతారు గానీ అసలు చిక్కు డొమిసైల్, అంటే స్థిరనివాసం, దగ్గరుంది. ఆమెను పోషిస్తానని ఐ-864 అనే హామీపత్రం మీద మీరు సంతకం పెట్టాలి కదా, దానికి కావాల్సిన ఆదాయం 2025 లెక్కలో టెక్సాస్‌లో ఇద్దరి కుటుంబానికి ఏడాదికి 26,437 డాలర్లే. కానీ సంతకం పెట్టే మనిషికి అమెరికాలో స్థిరనివాసం ఉండాలి. మీరు నెలల తరబడి గుంటూరులో ఉంటే, ఆ ఉండటం తాత్కాలికమేనని మీరే రుజువు చూపాలి. అది చూపలేకపోతే ఎంత సంపాదించే జాయింట్ స్పాన్సర్‌ని (మీతోపాటు హామీ ఇచ్చే ఇంకో మనిషిని) తెచ్చినా లాభం లేదు, ఎందుకంటే డొమిసైల్ షరతు పిటిషన్ వేసిన మనిషిదే.

నేను బయల్దేరేముందే దీనికి సిద్ధపడ్డాను. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి అడ్రసు అమ్మానాన్నల ఇంటికి మార్చుకున్నాను. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు రిజిస్ట్రేషన్, బ్యాంకు, కారు ఇన్సూరెన్సు అన్నీ అదే అడ్రసు మీద నడిపించాను. అన్నిటికంటే బాగా పనికొచ్చింది కంపెనీ ఇచ్చిన ఉత్తరం. అందులో మూడు ముక్కలుండాలి: మీరు అమెరికా పేరోల్ మీదే ఉన్నారు, ఇండియా నుంచి చేయడం తాత్కాలికం, తిరిగొచ్చాక కూడా ఇదే ఉద్యోగం, ఇదే జీతం. మేనేజర్ నోటిమాట చాలదు. హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మీరు చూసే డేటా దేశం దాటకూడనిదైతే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, అందుకే టికెట్ కొనకముందే అడగండి. చెప్పకుండా వెళ్లి వీపీఎన్ పెట్టుకుని నడిపిద్దామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి, దొరికితే పోయేది ఉద్యోగం, దానితోపాటు మీ ఐ-864.

పన్ను మాట. అమెరికా పౌరులు ఎక్కడున్నా అమెరికాలో రిటర్ను వేయాల్సిందే. ఇండియాలో కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం, అది డాలస్ ఖాతాలో పడినా, ఇండియా చట్టం దృష్టిలో ఇండియా ఆదాయమే. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం, మీరు అమెరికా రెసిడెంటుగానే ఉండి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఉన్నది 183 రోజులు దాటకుండా, జీతం ఇచ్చేది అమెరికా కంపెనీయే అయి, దాని భారం ఇండియాలోని శాఖ మీద పడకపోతే మినహాయింపు ఉంది. ఇండియా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా కాబట్టి ఎప్పుడు దిగుతారన్నది ముఖ్యం. నవంబరు 1న దిగితే మార్చి 31కి 151 రోజులే అవుతాయి, ఏప్రిల్ నుంచి కొత్త లెక్క. భారత సంతతివారికి ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితే 120 రోజులకే ఇండియా రెసిడెంటుగా లెక్కపెట్టే నిబంధన కూడా ఉంది, గత నాలుగేళ్లలో అక్కడ 365 రోజులు గడిపి ఉంటే అది మీకూ వర్తించవచ్చు. రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏకి ఫీజిచ్చి మీ తేదీలు చూపించండి. అదొక్క చోట పొదుపు చేయకండి.

ఎవరైనా ఫారం 2555 వేసి విదేశీ ఆదాయ మినహాయింపు తీసుకోమంటే ఆగి ఆలోచించండి. దానికి మీ పనికి కేంద్రం విదేశమని చెప్పాలి. ఐ-864లోనేమో మీ స్థిరనివాసం అమెరికా అని చెప్పాలి, రెండూ పొసగవు. పైగా ఆ మినహాయింపుతో 1040 అనే అమెరికా పన్ను రిటర్నులో మొత్తం ఆదాయం తగ్గి కనిపిస్తుంది. నేను దాని జోలికి వెళ్లలేదు.

రోజువారీ బతుకు సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో డాలస్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో ఏడున్నర. మొత్తం షిఫ్టు అలా చేస్తే తెల్లవారుతుంది, మీరు వెళ్లింది ఎవరికోసమో వాళ్లు లేచేసరికి మీరు పడుకుంటారు. నేను టీమ్‌తో మాట్లాడి మీటింగులన్నీ వాళ్ల మధ్యాహ్నంలోపు పెట్టించుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకి కూర్చుంటే రాత్రి ఒంటిగంటకి లేచేదాన్ని. ఇంటర్నెట్ రెండు కంపెనీలది ఉండాలి, ఇన్వర్టరు రూటర్‌కి కలిపి ఉండాలి. మా అత్తయ్య పెళ్లిళ్లకి, పేరంటాలకి నన్ను లాగకుండా "అమ్మాయికి ఆఫీసు" అని అందరికీ తనే చెప్పేవారు. ఆ ఒక్క మాట నాకెంత అండో. "వీసా ఇంకా రాలేదా?" అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు, దానికి మీ ఆవిడ ఒక్కతే జవాబు చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా పక్కన మీరుంటారు.

అక్కడున్నప్పుడే ఆమె కాగితాలు పూర్తి చేయించండి: సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్సు, పుట్టిన తేదీ సర్టిఫికెట్. చివరిది లేకపోతే రికార్డు లేదని ఇచ్చే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్‌తోపాటు అఫిడవిట్లు కావాలి. మునిసిపాలిటీ చుట్టూ తిరగడానికి ఇద్దరుంటే చాలా తేడా.

ముంబయిలో ఇంటర్వ్యూకి మీరు ఉండాల్సిన పని లేదు. తేదీ వచ్చాక నేను డాలస్ తిరిగొచ్చి ఇల్లు అద్దెకు తీసుకుని, ఆ లీజు కాపీ ఆయన ఫైల్లో పెట్టించాను. మీరూ అలా చేస్తే డొమిసైల్ ప్రశ్నకు జవాబు ఫైల్లోనే ఉంటుంది. అప్పటికి పెళ్లయి రెండేళ్లు నిండటానికి కొద్ది వారాలే ఉంటే, వీసా గడువు చూసుకుని ఆ తేదీ దాటాకే ఆమెను విమానం ఎక్కించండి. రెండేళ్లలోపు దిగితే రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు, ఆ షరతులు తీసేయమని మళ్లీ ఐ-751 అనే ఫారం వేయాలి. దాటాక దిగితే పదేళ్ల కార్డే వస్తుంది.