తలల లెక్క తర్వాత మొదలయ్యే పని
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: జనాభాను లెక్కించడానికి ప్రభుత్వాలకు జనగణన శాఖలు ఉండగా, విశ్వవిద్యాలయాల్లో మళ్లీ జనాభా అధ్యయన కేంద్రాలు ఎందుకు? ఒకే పనిని రెండుసార్లు చేయడం కాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఒక నిర్ణీత తేదీన ఎక్కడ ఎంతమంది ఉన్నారన్నది జనగణన చెబుతుంది. వారిలో ఫలానా వారు ఊరెందుకు విడిచారు, పెళ్లిని ఎందుకు వాయిదా వేసుకున్నారు, ఇద్దరు పిల్లలు చాలన్న నిర్ణయానికి ఎలా వచ్చారు అన్నవి ఆ పత్రంలోని గడుల్లో ఇమడవు. ఆ ‘ఎందుకు’ను పట్టుకుని ఏళ్ల తరబడి వెంబడించే ఓపిక, తీరిక విశ్వవిద్యాలయ కేంద్రాలకే ఎక్కువగా ఉంటాయి.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1936లో ఏర్పడిన జనాభా పరిశోధన కార్యాలయాన్నే తీసుకోండి. పరిశ్రమలు పెరిగి, పట్టణాలు విస్తరించి, శిశుమరణాలు తగ్గాకే జననాలు తగ్గుతాయని చాలాకాలం అందరూ నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అక్కడి జనాభా శాస్త్రవేత్త ఆన్స్‌లీ కోల్ నాయకత్వంలో 1960లలో ఒక బృందం ఐరోపా దేశాల పాత రికార్డులను ప్రావిన్సుల వారీగా సేకరించి పరిశీలించింది. ఇంత పరిశ్రమ, ఇంత చదువు వచ్చాక జననాలు తగ్గడం మొదలవుతుందని గీత గీసి చెప్పగల స్థాయి ఏదీ వారికి దొరకలేదు. ఫ్రాన్సు ఇంకా వ్యవసాయ దేశంగా ఉండగానే, 18వ శతాబ్దం చివరినాటికే, అక్కడ జననాలు తగ్గుముఖం పట్టాయి; పరిశ్రమల్లో ఎంతో ముందున్న ఇంగ్లండులో ఆ మార్పు 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల దాకా రాలేదు. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతాల్లో ముందుగా, ఫ్లెమిష్ (అక్కడి డచ్చి భాష) మాట్లాడే ప్రాంతాల్లో ఆలస్యంగా తగ్గుదల కనిపించింది. ఆర్థిక స్థితిగతులకు ఇందులో పాత్ర లేదని దీని అర్థం కాదు. అయితే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు అన్నదీ లెక్కలోకి రావాలని తేలింది.

ప్రశ్న: పాత రికార్డులు సరే, బతికున్న మనుషుల మీద ఇటువంటి పరిశోధన ఎలా చేస్తారు? ప్రయోగశాల లేదు కదా!
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: కొన్నిసార్లు ఊరే ప్రయోగశాల అవుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1961లో జనాభా అధ్యయన కేంద్రాన్ని స్థాపించిన రోనాల్డ్ ఫ్రీడ్‌మన్, తైవాన్ ఆరోగ్య శాఖతో కలిసి 1963లో తైచుంగ్ నగరంలో చేసిన పని ఇందుకు మంచి ఉదాహరణ. నగరంలో సుమారు 2,400 చిన్నచిన్న ఇరుగుపొరుగు సముదాయాలు ఉండేవి, ఒక్కోదానిలో ఇరవై ముప్ఫై కుటుంబాలు. కొన్నింటిలో నర్సులు ఇంటింటికీ వెళ్లి కుటుంబ నియంత్రణ గురించి భార్యలతో మాత్రమే మాట్లాడారు, కొన్నింటిలో భార్యాభర్తలిద్దరితో మాట్లాడారు, కొన్నింటికి ఉత్తరాలు మాత్రమే పంపారు, మరికొన్నింటిని కావాలనే వదిలేశారు.

ఉత్తరాల వల్ల పెద్దగా ఫలితం రాలేదు. భర్తతో కూడా మాట్లాడటానికి అదనంగా పడిన శ్రమకు తగ్గ లాభమూ కనిపించలేదు. అసలు ఆశ్చర్యం వేరే చోట ఎదురైంది: కుటుంబ నియంత్రణ పద్ధతిని స్వీకరించడానికి వచ్చిన స్త్రీలలో చాలామంది, నర్సు గడప తొక్కని సముదాయాల నుంచి వచ్చారు. పొరుగింటి ఆమె, చుట్టాలు, స్నేహితురాళ్లు చెప్పిన మాటే వారిని కదిలించింది. పోలిక కోసం వదిలేసిన సముదాయాలకూ కబురు పాకిపోవడం ప్రయోగ నియమాల దృష్ట్యా చిక్కే. నా మట్టుకు నాకు, ఆ ప్రయోగం మొత్తంలో అత్యంత విలువైన ఫలితం ఆ చిక్కే.

ప్రశ్న: ఈ కేంద్రాల్లో తరచూ సెమినార్లు జరుగుతుంటాయి. బయటివారికి అక్కడ ఏమైనా అర్థమవుతుందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: చాలా కేంద్రాల్లో వారానికొకసారి, తరచుగా మధ్యాహ్న భోజన వేళకు, ఒక పరిశోధకుడు ఇంకా అచ్చుకాని తన పనిని అందరి ముందు పెడతాడు. శ్రోతల్లో ఆర్థికవేత్త, సమాజశాస్త్రవేత్త, గణాంక నిపుణుడు, వైద్యుడు ఉంటారు కనుక, ఒకరికి సహజమనిపించేది మరొకరికి అనుమానంగా తోస్తుంది. సమీకరణాలు వచ్చిన పది నిమిషాలు మీరు ఓపిక పడితే, తక్కిన చర్చ సులువుగానే అందుతుంది.

ఉదాహరణకు, విడాకులు తీసుకున్నవారి ఆరోగ్యం తక్కువగా ఉందని వక్త చెప్పాడనుకుందాం. విడాకుల వల్ల ఆరోగ్యం చెడిందా, లేక ముందే చెడిన ఆరోగ్యం వల్ల కాపురం కూలిందా అని వెనక వరుసలోంచి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఒక్కసారి చేసిన సర్వేతో దానికి జవాబు చెప్పడం కష్టం. అదే మనుషులను మళ్లీ మళ్లీ అడిగితేనే ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తుంది. 1968లో దాదాపు 5,000 అమెరికన్ కుటుంబాలతో మొదలై, మిషిగన్‌లో ఇప్పటికీ నడుస్తున్న ఆదాయ సర్వే అటువంటిదే. పిల్లలు పెరిగి వేరు కాపురం పెడితే ఆ కొత్త కుటుంబాన్నీ సర్వేలో చేర్చుకుంటారు. 1997 వరకు ఏటా, ఆ తర్వాత రెండేళ్లకొకసారి ప్రశ్నలు అడుగుతున్నారు.

సెమినార్లు కాక, డేటా వాడకం నేర్పే శిక్షణ తరగతులు, పరిశోధక విద్యార్థుల ఉపన్యాసాలు కూడా ఉంటాయి. వార్షిక మహాసభలకు ముందు సొంతవాళ్ల ఎదుట రిహార్సల్ చేసుకోవడమూ కద్దు.

ప్రశ్న: మా ఇంటికి సర్వేకు వచ్చినవారు పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చారు. నమ్మవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: పేరు తీసేసినంత మాత్రాన గోప్యత రాదని పరిశోధకులకు బాగా తెలుసు. అమెరికన్ జనాభాలో సుమారు 87 శాతం మందిని పిన్‌కోడ్, పుట్టిన తేదీ, స్త్రీ–పురుష వివరం అనే మూడింటితోనే విడిగా గుర్తించవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లతాన్యా స్వీనీ 2000లో అంచనా వేశారు. అందుకే అందరికీ ఇచ్చే ఫైళ్లలో పుట్టిన తేదీకి బదులు వయసు, ఊరికి బదులు పెద్ద ప్రాంతం ఉంచుతారు. అసాధారణంగా ఎక్కువైన ఆదాయాలను ఒక పరిమితి దగ్గర ఆపేస్తారు. సూక్ష్మ వివరాలు కావలసిన పరిశోధకుడు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. కొన్ని చోట్ల ఇంటర్నెట్ లేని గదిలో కూర్చుని పని చేయాలి, బయటకు తీసుకువెళ్లే ప్రతి పట్టికనూ సిబ్బందికి చూపించాలి.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. ఆ సర్వేకు ఏ నైతిక సమీక్షా సంఘం (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే సంఘం) అనుమతి ఇచ్చిందో అడగండి. సమ్మతి పత్రాన్ని పూర్తిగా చదివి ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు, మధ్యలో ఆపేయమనే హక్కు మీకున్నాయని ఆ పత్రంలో రాసి ఉండాలి. లేకపోతే సంతకం చేయకండి.