తీయబోయింది ఒకటి, తీసింది ఒకటి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' గురించి రాయాలనుకోవడం మంచి ఆలోచన. ఎంత చెత్తగా ఉంటే అంత సరదాగా ఉండే సినిమాల మీద రాసే ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు దాని దగ్గరికి రాక తప్పదు. కానీ నీ వ్యాసం నిండా 'దారుణం', 'ఘోరం', 'మహా కళాఖండం', 'అట్టర్ ఫ్లాప్ నటన' అనే మాటలే ఉన్నాయి. అవి చదివితే నువ్వు బాగా నవ్వావని తెలుస్తోంది గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. తెర మీద ఏం జరిగిందో నువ్వు ఎక్కడా చెప్పలేదు మరి.

చెడ్డ సినిమాలు ప్రతి శుక్రవారం వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి నవ్వు రాదు, నిద్ర వస్తుంది. కోట్లు పోసి, అన్నీ పద్ధతిగా కుదిర్చి, ఎవరికీ ఏమీ చెప్పాలని లేకుండా తీసిన సినిమాను రెండోసారి ఎవరూ చూడరు. మనల్ని కూర్చోబెట్టి నవ్వించే చెత్త సినిమా వేరు. దాని వెనక ఒక మనిషి గట్టిగా ఏదో కోరుకున్నాడు. ఆ కోరికకీ తెర మీద తేలినదానికీ మధ్య పెద్ద అగాధం ఉంటుంది. నవ్వు పుట్టేది ఆ అగాధంలోనే. నీ పాఠకుడికి రెండు ఒడ్లూ కనబడాలి. నువ్వు ఇవతలి ఒడ్డు ఒక్కటే చూపించావు.

'ప్లాన్ 9'నే తీసుకో. డ్రాకులాగా 1931లో ప్రపంచాన్ని వణికించిన బేలా లుగోసి 1956 ఆగస్టులో చనిపోయాడు. చివరి రోజుల్లో ఆయనకు పెద్దగా పని లేదు, మత్తుమందు అలవాటు ఒంటిని పీల్చేసింది. ఆ స్థితిలో కూడా పిలిచి వేషాలిచ్చిన కొద్దిమందిలో ఈ సినిమా దర్శకుడు ఎడ్ వుడ్ ఒకడు. చనిపోవడానికి కొంతకాలం ముందు ఆయన మీద తీసిన మాటల్లేని ఫుటేజ్ కొన్ని నిమిషాలు వుడ్ దగ్గర మిగిలింది. దాన్ని వదిలేయడానికి మనసొప్పక, దాని చుట్టూ ఒక సినిమా అల్లాడు. మిగతా సన్నివేశాలకు లుగోసి లేడు కదా. వుడ్ భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసే కైరోప్రాక్టర్‌ని తీసుకొచ్చి, నల్లటి అంగీ కప్పి, దాని అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని నడవమన్నాడు. ఆ వైద్యుడు లుగోసి కంటే పొడుగు. పోలిక ఎక్కడా లేదు. సినిమా నడిచినంతసేపూ ఆ చెయ్యి ముఖం మీంచి దిగదు.

నువ్వు ఈ సంగతిని 'డూప్ అస్సలు సెట్ కాలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చనిపోయిన మిత్రుడిని ఇంకొక్కసారి తెర మీద చూపించాలన్న తపన, దానికి అడ్డంగా ఎత్తిన ఆ మోచెయ్యి, రెండూ ఒకే వాక్యంలో పెట్టి చూడు. పాఠకుడు నవ్వుతాడు. నవ్వుతూనే ఎడ్ వుడ్‌ని ఇష్టపడతాడు. ఈ సినిమాలు దశాబ్దాల తరబడి బతుకుతున్నది ఆ ఇష్టం వల్లే.

కథ సంగతి కూడా అంతే. మనుషులు సూర్యకాంతినే పేల్చేసే బాంబు కనిపెట్టబోతున్నారని, అది మొత్తం విశ్వాన్ని కాల్చేస్తుందని గ్రహాంతరవాసులు హెచ్చరించడానికి వస్తారు. మనం వినడం లేదని శ్మశానంలో శవాలను లేపుతారు. ఇంత పెద్ద పథకానికి లేచేది మూడే మూడు శవాలు. అది చూసి నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ సినిమా తీసినది హైడ్రోజన్ బాంబు పరీక్షలు జరుగుతున్న కాలంలో. రేపు ఉంటామో లేదో అని జనం నిజంగా భయపడిన రోజులవి. ఆ భయాన్ని వుడ్ మనస్ఫూర్తిగా పట్టుకున్నాడు. చెప్పడానికి డబ్బు లేదు, నేర్పు లేదు. ఆరంభంలో క్రిస్వెల్ అనే జ్యోతిష్కుడు కెమెరాలోకి సూటిగా చూస్తూ, భవిష్యత్తులో జరగబోయే ఇలాంటి సంఘటనలు భవిష్యత్తులో మీ మీద ప్రభావం చూపుతాయని గంభీరంగా చెబుతాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు రాస్తే చాలు. దాని పక్కన నీ విశేషణం ఒక్కటి కూడా అక్కర్లేదు.

వాస్తవాలు సరిచూసుకో. ఎగిరే పళ్ళేలు కారు చక్రాలకు తగిలించే హబ్‌క్యాప్‌లని రాశావు. పేపర్ ప్లేట్లని రాసేవాళ్లూ ఉన్నారు. నిజానికి అవి దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ మోడల్ కిట్లు, దారాలకు కట్టి ఊపారు. లేచిన శవాల్లో ఒకటిగా వేసిన నటి వాంపైరాకు నటన రాక మాటల్లేని పాత్ర ఇచ్చారన్నావు. ఆ డైలాగులు చదివి, నోరు విప్పకుండా నటిస్తానని ఆమే అడిగింది. సినిమాకు డబ్బు పెట్టింది బాప్టిస్ట్ చర్చి మనుషులు. వాళ్లకోసం వుడ్, నటుల్లో కొందరు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. మొదట పేరులో 'సమాధి దొంగలు' అని ఉండేది. అది వాళ్లకు నచ్చక మార్చాల్సి వచ్చింది. ఉన్న నిజం ఇంత గొప్పగా ఉన్నప్పుడు పుకార్లతో పనేముంది? చెత్త సినిమా గురించే కదా, ఎలా రాసినా చెల్లుతుందిలే అనుకోవద్దు. ఎవరి తప్పు ఎంతో తేల్చి రాస్తున్నావు, కాబట్టి మంచి సినిమా మీద రాసేటప్పటి కంటే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇలాంటిదే ఇంకొకటి. పాత సినిమాల్లో పైన మైకు కనబడిందని నవ్వేముందు నువ్వు చూసిన ప్రింటు ఏదో కనుక్కో. థియేటర్‌లో పైనా కిందా కొంత మూసి వెడల్పుగా చూపించాల్సిన సినిమాను టీవీకి, వీడియోకి ఇచ్చేటప్పుడు మొత్తం ఫ్రేమ్ తెరిచేసేవారు. ఛాయాగ్రాహకుడు దాచినది అలా బయటపడేది. ఆ తప్పు అతని లెక్కలో వేయకూడదు.

తప్పును చూడగానే దాని వెనక కారణం వెతకడం అలవాటు చేసుకో. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఎల్ పాసో ఊళ్లో హెరాల్డ్ వారెన్ అనే ఎరువుల వ్యాపారి ఉండేవాడు. సినిమా తీయడం ఏమంత కష్టం కాదని ఒక రచయితతో పందెం కట్టి, 'మానోస్: ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్' తీసి 1966లో విడుదల చేశాడు. ఆ సినిమా చూస్తే షాట్లు వింతగా తెగిపోతుంటాయి. మనుషులు మాట మొదలుపెట్టకముందే ఆగిపోతారు, లేదా ఆగాక కూడా అలాగే నిలబడి ఉంటారు. వాళ్లు వాడింది కీ ఇచ్చి తిప్పే 16 మి.మీ. కెమెరా. ఒకసారి కీ ఇస్తే 32 సెకన్లే నడిచేది. సెట్‌లో సౌండ్ రికార్డింగ్ లేదు. తర్వాత గుప్పెడు మంది కూర్చుని అన్ని పాత్రలకూ డబ్బింగ్ చెప్పారు. అందుకే చిన్నపిల్ల నోట్లోంచి పెద్దవాళ్ల గొంతు వస్తుంది. రాత్రి తీసిన సన్నివేశాల్లో లైట్ల చుట్టూ పురుగులు ముసురుతూ నటుల ముఖాల ముందు ఎగురుతుంటాయి. మన పల్లెల్లో వానాకాలం ట్యూబ్‌లైట్ కింద భోంచేసిన ఎవరికైనా ఆ షూటింగ్ ఎలా జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ 32 సెకన్ల సంగతి తెలిశాక సినిమా మళ్లీ చూడు, ముందుకంటే ఎక్కువ నవ్వొస్తుంది. ప్రతి షాట్‌లోనూ కీ అయిపోతుందేమోనన్న తొందర కనబడుతుంది.

ఇక మన సంగతి. నీ వ్యాసం చివర విఠలాచార్య పేరు కూడా ఈ జాబితాలో చేర్చావు. అది తీసెయ్. ఆయన సినిమాల్లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. అది చూసి హాల్లో పిల్లలు ఒకేసారి భయపడి నవ్వేవాళ్లు. సరిగ్గా ఆయన కోరుకున్నదీ అదే. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఏం చేయగలడో లెక్కకట్టుకుని, అంతా తెర మీద రాబట్టిన మనిషి ఆయన. తీయబోయిందీ తీసిందీ ఒకటే అయిన చోట మన అగాధం లేదు. పేదరికాన్ని చేతకానితనంగా పొరబడితే నీ పాఠకులకూ అన్యాయం చేసినట్టే, ఆయనకూ అన్యాయం చేసినట్టే.

మన దగ్గర నువ్వు రాయాల్సింది వేరే ఉంది. తొడ కొడితే రైలు వెనక్కి నడిచే సన్నివేశం గురించి నవ్వని తెలుగువాడు లేడు. కానీ అది ఎందుకు నవ్విస్తోందో ఎవరూ సరిగా రాయలేదని నా అభిప్రాయం. నాకు తోచింది చెబుతాను. మన తెర మీద హీరో పుట్టింది పౌరాణికాల్లో. అక్కడ దేవుడు వేలెత్తితే కొండ కదులుతుంది, ఎవరూ ప్రశ్నించరు. కిరీటం, గద, చక్రం, పద్యం అన్నీ కలిసి ఆ లోకాన్ని మనచేత నమ్మిస్తాయి. ఆ మహిమనే తెచ్చి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఫ్యాక్షన్ కథానాయకుడి తొడకు ఇచ్చారు. కిరీటం తీసేశారు, మహిమ మాత్రం ఉంచారు. ఎదురుగా ఉన్నది కొండ కాదు, రోజూ మనం ఎక్కే రైలు. మొదటి వారం అభిమానుల మధ్య హాల్లో ఈలలు పడే సన్నివేశం అది. చాలా ఏళ్లకు అదే ముక్క ఫోన్‌లో చూస్తే నవ్వు. సినిమా మారలేదు, చుట్టూ ఉన్న భక్తి పోయింది. ఈ దారిలో ఆలోచిస్తే నీకు ఒక పెద్ద వ్యాసమే దొరుకుతుంది, దాన్ని రాయగలిగేది కూడా తెలుగువాళ్లే. ఎడ్ వుడ్ గురించి అమెరికావాళ్లు ఎలాగూ రాసుకుంటారు.

అయితే అలాంటి సన్నివేశాన్ని ముప్పై సెకన్ల క్లిప్‌లో చూసి రాయకు. మన ఫైట్ల ముక్కలు కోసి పరదేశాలవాళ్లు నవ్వుకుంటుంటే మనకు ఒళ్లు మండేది ఇందుకే. ముందూ వెనకా తెలియకుండా నవ్వుతున్నారు వాళ్లు. సినిమా మొత్తం చూడు. విసుగెత్తే భాగాలు కూడా చూడు. ఎక్కడ విసుగొచ్చిందో కూడా రాయి. నవ్వు వచ్చే చోట్ల మధ్య గంటసేపు ఏమీ జరగకపోతే ఆ సంగతి పాఠకుడికి చెప్పడం నీ బాధ్యత.

కావాలని చెత్తగా తీసిన సినిమాల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. 2013లో వచ్చిన 'షార్క్‌నాడో' లాంటివి తమ మీద తామే ముందుగా నవ్వేసి మనకేమీ మిగల్చవు. 2014 నాటి మన 'హృదయ కాలేయం' వేరు. అది పేరడీ, మన మాస్ సినిమా అలవాట్లను ఎత్తి చూపించాలన్నదే దాని ఉద్దేశం. దాన్ని పేరడీగానే తూచాలి.

ఒక చోట మాత్రం నవ్వు ఆపేయాలి. హిందీలో 1998లో వచ్చిన 'గుండా' హాస్టల్ కుర్రాళ్లకు కంఠతా వచ్చు. విలన్లు తమను తాము ప్రాసల్లో పరిచయం చేసుకునే తీరు చూస్తే ఎవరికైనా నవ్వాగదు. అదే సినిమాలో ఆడవాళ్ల మీద అత్యాచారాలు కూడా ఉన్నాయి. వాటినీ ప్రాసలతో కలిపి కామెడీ కింద పంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు అలా చేయకు. ఇక్కడిదాకా నవ్వాను, ఇక్కడ నవ్వలేకపోయాను అని స్పష్టంగా రాయి. ఆ గీత గీయలేకపోతే నీ నవ్వుకు విలువ లేదు. మన పాత సినిమాల్లో లావుగా ఉన్నవాళ్ల మీద, నల్లగా ఉన్నవాళ్ల మీద వేసిన జోకుల విషయంలోనూ ఇదే పాటించు.

నటుల మీద రాసేటప్పుడు మరీ జాగ్రత్త. 1990 నాటి 'ట్రోల్ 2'లో ట్రోల్స్ అనే జానపద కథల భూతాలే ఉండవు, గాబ్లిన్లనే వేరే రకం భూతాలు ఉంటాయి. తీసింది ఇటలీ నుంచి వచ్చిన దర్శకుడు క్లాడియో ఫ్రగాస్సో, నటించింది అమెరికాలోని మామూలు మనుషులు. తండ్రి పాత్ర వేసినాయన వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. అమెరికన్లు ఎవరూ అలా మాట్లాడరని నటులు చెప్పినా, రాసింది రాసినట్టే పలకాలని దర్శకుడు పట్టుబట్టాడు. కాబట్టి ఆ మాటల వికృతాన్ని వాళ్ల నెత్తిన రుద్దడం తప్పు. అందులో పిల్లవాడిగా నటించిన మైకేల్ స్టీఫెన్సన్ పెద్దయ్యాక ఆ సినిమా చుట్టూ జరిగినదంతా 2009లో ఒక డాక్యుమెంటరీగా తీశాడు. నిండిన హాల్లో జనం పగలబడి నవ్వుతుంటే డాక్టరుగారు ఆనందంగా డైలాగులు చెబుతారు. దర్శకుడికి మాత్రం, నవ్వించాలని తీయని చోట కూడా ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాదు. ఆ డాక్యుమెంటరీ తప్పకుండా చూడు. నువ్వు రాసే ప్రతి వ్యాసాన్నీ ఈ ఇద్దరిలాంటి మనుషులు చదువుతారు. ఎడ్ వుడ్‌కి ఆ అవకాశం కూడా లేదు. ఉన్న అపార్ట్‌మెంట్‌ నుంచి గెంటించుకుని, 1978 డిసెంబరులో 54 ఏళ్లకే పోయాడు. ప్రపంచంలోకెల్లా చెత్త దర్శకుడని అతనికి బిరుదిచ్చిన పుస్తకం 1980లో వచ్చింది. జనం అతని సినిమాల కోసం వరస కట్టింది ఆ తర్వాతే.

మన కృష్ణానగర్‌లో ఇప్పుడు కూడా ఊళ్లో పొలం అమ్మి సినిమా తీస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్ల సినిమా బాగాలేకపోతే బాగాలేదనే రాయి, మొహమాటపడకు. కానీ ఆ మనిషి ఏం తీద్దామనుకున్నాడో ముందు రెండు వాక్యాల్లో నిజాయితీగా చెప్పు. అది చెప్పలేకపోతున్నావంటే సినిమా ఇంకోసారి చూడాలన్నమాట.

నలుగురు స్నేహితులను కూర్చోబెట్టుకుని 'మానోస్' చూడు. ఇవి ఒంటరిగా చూసే సినిమాలు కావు. ఎవరు ఏ క్షణంలో నవ్వారో కాగితం మీద రాసుకో. ఆ కాగితం, దాని మీద నువ్వు రాసిన రెండు పేజీలూ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు