వానపాముల డబ్బా పారేయాలా?

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు పిల్లల గోలే. ప్రశ్నలతో ప్రాణం తీస్తున్నారని కొందరు, అసలు నోరే విప్పడం లేదని కొందరు. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా బాబుకు ఎనిమిదేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి పెరట్లో వానపాములు ఏరుకొచ్చి, పాత ఐస్‌క్రీం డబ్బాలో మట్టి పోసి పెంచుతున్నాడు. డబ్బా ఉండేది మంచం కింద! మా అత్తగారికి ఒళ్లు జలదరిస్తోంది. "వీటికి వినిపిస్తుందా? ఉల్లిపాయ తింటాయా?" అని రోజంతా నా వెంటే తిరుగుతాడు. ఎక్కాలు మాత్రం ఏడు దాటలేదు. "క్లాసులో ధ్యాస ఉండదు" అని టీచర్ డైరీలో రాశారు. డబ్బా పారేయమంటారా?
– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: పారేయకండమ్మా. మంచం కింద నుంచి మాత్రం తీయించండి.

మీవాడు అడిగిన రెండు ప్రశ్నలూ చార్లెస్ డార్విన్ అడిగినవే. ఇంగ్లండ్‌లో ఆయన ఇంట్లో, చదువుకునే గదిలోనే కుండీల నిండా వానపాములు ఉండేవి. వాటి దగ్గర లోహపు ఈల ఊదించారు, బసూన్ అనే పెద్ద గొట్టపు వాయిద్యం వాయించారు, గట్టిగా అరిచారు. అరిచేటప్పుడు ఊపిరి వాటికి తగలకుండా జాగ్రత్తపడ్డారు. తగిలితే అవి కదిలింది శబ్దానికో గాలికో తెలియదు కదా! పియానో పక్కన బల్లమీద కుండీలు పెట్టి వాయించినా అవి ఉలకలేదు, పలకలేదు. అవే కుండీలను పియానో మీదే పెట్టి ఒక్క మెట్టు నొక్కేసరికి చటుక్కున బొరియల్లోకి దూరాయి. అంటే చెవులు లేవు గానీ అదురు తెలుస్తుంది. ఉల్లిపాయా? ఇష్టంగా తిన్నాయి, క్యాబేజీ ఆకు కూడా. ఆయన వానపాముల మీద మొదటి వ్యాసం చదివింది 1837లో, పుస్తకం వేసింది 1881లో. మరుసటి ఏడాదే పోయారు. అంత పేరున్న మనిషి అన్నేళ్లూ వాటిని వదల్లేదు.

మీవాడు డార్విన్ అవుతాడని నేను చెప్పను. అలాంటి మాటలు చెప్పేవాళ్లను నమ్మకండి. నాకు నచ్చింది వేరే. వాడు వాటిని బతికించాలని చూస్తున్నాడు. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. మట్టి ఎండితే చస్తుంది, నీళ్లు నిలిచినా కష్టమే. రోజూ మట్టి పిడికిట పట్టి తడి చూసుకునే పిల్లాడికి ఆ ముక్క ఎవరూ బట్టీ పట్టించనక్కర్లేదు. ఊరికే సరదాకి పట్టి ఉంటే రెండో రోజే మరిచిపోయేవాడు. ఒక సంగతి ఇప్పుడే చెప్పేయండి: రెండుగా కోస్తే రెండు వానపాములవుతాయన్నది అబద్ధం. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఈ ప్రయోగానికి ఎవడో ఒకడు తయారవుతాడు.

డబ్బా వరండాలో నీడపట్టున పెట్టించండి, మూతకు చిల్లులు పొడవండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొన్నాళ్లయ్యాక ఏరిన చోటే వదిలేయాలి. ఏ రోజు ఏం వేశాడో, తెల్లారేసరికి ఏది మిగిలిందో చిన్న నోటుబుక్కులో రాసుకోమనండి. మీ అత్తగారిది వ్యవసాయ కుటుంబమైతే, ఇదివరకు పొలంలో ఇవి ఎలా ఉండేవో వాణ్ణే వెళ్లి అడగనివ్వండి. కథ మొదలుపెట్టాక ఆవిడ అసహ్యం సగం తగ్గుతుంది.

ఇక ఎక్కాలు. వానపాములు ఎక్కాలు నేర్పవు. అందుకు వేరే టైము పెట్టాలి: సాయంత్రం మీరు కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని పైకి చెప్పాలి, రోజూ కాసేపు. "ఎక్కం అప్పజెబితేనే డబ్బా" అనే బేరం మాత్రం పెట్టకండి. వాడికి రెండూ చేదవుతాయి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో "తాతా, చందమామ పగలు ఎందుకు కనిపిస్తోంది?" అంది. తెలియదంటే నామోషీ. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ వయసులో ఇవన్నీ నేర్చుకోవడం నా వల్ల అవుతుందా?
– విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

జవాబు: మీకు సగం తెలుసండీ. పంచాంగం చూడటం వచ్చు కదా? శుక్ల అష్టమి నాటి చంద్రుడు ఉదయించేది దాదాపు మిట్టమధ్యాహ్నం, అందుకే సాయంత్రం లోపే కనిపిస్తాడు. బహుళ పక్షంలో పొద్దున పడమటి దిక్కున ఉంటాడు. పున్నమి నాడు సూర్యుడు దిగే వేళకు ఈయన పైకి వస్తాడు, పగలు వెతికి లాభం లేదు. ఈ పక్షమంతా మీరిద్దరూ చంద్రుడి బొమ్మ వేసుకుని కాల్‌లో ఒకరికొకరు చూపించుకోండి. అక్కడ పగలు, ఇక్కడ రాత్రి. అయినా ఆకారం ఇంచుమించు ఒకటే ఎందుకుందని ఆ పిల్లే అడుగుతుంది. అప్పుడు "నాకూ తెలియదురా, చూద్దాం" అనండి. తాత నోట ఆ మాట వింటే పిల్లలకు భలే హుషారు.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి బయాలజీ చెబుతాను. పాఠం అయ్యాక "డౌట్స్ ఉన్నాయా?" అంటే "లేవు సార్" అని కోరస్. యూనిట్ టెస్టులో బండారం బయటపడుతుంది. వీళ్లకు ఆసక్తే లేదా?
– ఉపాధ్యాయుడు, కడప జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు ఆ మాట అడిగేది బెల్లు కొట్టబోయే ముందు. "ఉన్నాయి సార్" అన్నవాణ్ణి పక్కవాడు కాలితో తంతాడు. నేనూ ఆ బెంచీల మీద కూర్చున్నదాన్నే.

ప్రశ్నను మొదట్లోకి తెచ్చి, జవాబు కాసేపు దాచిపెట్టండి. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. ముందు ప్రశ్న చూపించి, జవాబు కోసం కొన్ని సెకన్లు ఆపి, ఆ మధ్యలో సంబంధం లేని ఒక ముఖం ఫొటో చూపించారు. తెలుసుకోవాలని బాగా ఆత్రపడిన ప్రశ్నల జవాబులు బాగా గుర్తున్నాయి. విచిత్రం ఏమిటంటే, ఆ ఆత్రంలో ఉండగా చూసిన ముఖాలు కూడా ఎక్కువ గుర్తున్నాయి. అది పెద్దవాళ్ల మీద చేసిన పని, మన నలభై మంది పిల్లల క్లాసుకు అచ్చంగా వర్తిస్తుందని అనను. ప్రయత్నిస్తే పోయేదేం లేదు.

మీ జిల్లాలోనే మంచి ప్రశ్న ఉంది. కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల అడవుల అంచున మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది పక్షులు పట్టుకునే స్థానికుడు, పట్టాలున్న పండితుడు కాదు. ఆ పిట్ట తిరిగేది రాత్రిపూట, పొదల మధ్య. "అలాంటిదాన్ని మీరైతే ఎలా వెతుకుతారు?" అని అడిగి, చాక్‌పీసు పక్కన పెట్టి కూర్చోండి. టార్చి అంటారు, వల అంటారు, మేకలు కాసే తాతను అడుగుదాం అంటారు. అన్నీ బోర్డు మీద రాయండి, చెప్పినవాడి పేరుతో సహా. ఎవరూ నవ్వకూడదు. అదొక్కటే రూలు. తర్వాత చెప్పండి: పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని బాటలా పరిచి, దాని మీద పడిన అడుగుజాడలు వెతికారు, కెమెరాలు పెట్టారు. ఇంకేం, మీ బడి వెనకాల సాయంత్రం జల్లించిన మట్టి పరిపించండి. పొద్దున్నే ఎవరి అడుగులున్నాయో పిల్లలే చదువుతారు. కుక్కవీ కాకివీ అయినా సరే.

మీకు తెలియని ప్రశ్న వస్తే "రేపు చూసొస్తా" అనండి. మర్నాడు క్లాసులోకి రాగానే మొదట దాని సంగతే తేల్చండి, హాజరు ఆ తర్వాతే. వాళ్లు కనిపెట్టుకుని ఉండేది దాని కోసమే: సారు గుర్తుపెట్టుకున్నాడా, గాలికొదిలేశాడా అని.

ప్రశ్న: ఇంట్లోనే బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తాను. అందరూ పింటరెస్ట్ ఫొటో పంపి "ఇదే కావాలి" అంటారు. సొంతంగా వేద్దామని కూర్చుంటే బుర్ర పనిచేయదు. నాలో క్రియేటివిటీ లేదేమో మేడమ్?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: లేకపోవడమేమిటి అమ్మాయ్? ఎవరికోసమో తెలియకుండా ఖాళీ కాగితం ముందు కూర్చుంటే ఎవరికీ ఏమీ రాదు. ఫొటో పంపినావిణ్ణి ఒక్క మాట అడుగు: "ఏ ఫంక్షన్‌కండీ? చీర ఎవరు పెట్టారు?" అమ్మ పెళ్లి చీర అని ఒకావిడ అంటుంది. ఆ చీర తెప్పించుకుని అంచు చూడు. పాత జరీలో ఏ మొగ్గ, ఏ హంస ఉందో గీసుకుని దాన్నే చేతుల మీదికి తీసుకురా. అది ఏ ఫొటోలోనూ దొరకదు. ఆవిడ ఇంకో నలుగురికి చెప్పి పంపుతుంది కూడా.

వీలైతే ఒకసారి శ్రీకాళహస్తి వెళ్లు. కలంకారీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. పాలు ఎందుకని అడుగు. రంగు పాకిపోకుండా అని చెబుతారు. పాలు లేకుండా చిన్న పీలిక మీద గీసి చూపించమను, నవ్వుతూ చూపిస్తారు. చేతిపని చేసేవాళ్లకు అలా అడిగేవాళ్లంటే ఇష్టం.

అడిగినవీ గీసుకున్నవీ ఒకే పుస్తకంలో పెట్టు. శ్రావణం రాకముందే మొదలుపెట్టు. పెళ్లిళ్లూ వ్రతాలూ మొదలైతే నీకు సూది కింద పెట్టే తీరికే ఉండదు.