తమ్ముడి పాటలో నాన్న గొంతు

మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 29 ఏళ్ళు, ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తాను. తమ్ముడికి 25. ఏడాదిన్నర క్రితం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, గది తలుపేసుకుని ల్యాప్‌టాప్‌లో పాటలు చేస్తున్నాడు. ఎలక్ట్రానిక్ పాప్, అందులోనూ ప్రయోగాలు అంటాడు. గంగమ్మ జాతరలో పంబల మోత, బస్టాండులో హారన్లు, అమ్మ రోట్లో దంచే చప్పుడు, అన్నీ ఫోన్లో పట్టి పాటల్లో పెడతాడు. 14 పాటలు చేస్తే మూడే వెయ్యిమంది దాకా వెళ్ళాయి, ఒకదాన్ని 60 వేలసార్లు విన్నారు, అన్నీ కలిపి వచ్చింది మూడు వేల చిల్లర. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు, శనివారాలు రామాలయంలో భజన చేస్తారు. పాతకాలం మనిషి, కొత్త పాటలేవీ ఆయనకి పాటలే కాదు. తమ్ముడు ఆన్‌లైన్‌లో ఏదో పనిచేసి సంపాదిస్తున్నాడనుకుంటున్నారు, నిజానికి నెలకు పది వేలు నేనిస్తున్నాను. పోయిన నెల పెదనాన్న కొడుకు ఫోన్లో తమ్ముడి పాట ఒకటి వినిపించాడు. అందులో నాన్న భజన గొంతు ఉంది, ముక్కలు చేసి, సన్నగా మార్చి. నాన్న అన్నం ముందునుంచి లేచిపోయారు. ఉద్యోగానికి పోతావా, ఇంట్లోంచి పోతావా అన్నారు. ఈలోగా బెంగళూరు వాళ్ళెవరో 14 పాటలకూ కలిపి 50 వేలిచ్చి హక్కులన్నీ రాయించుకుంటామంటున్నారు. నాకొచ్చిన సంబంధం వాళ్ళేమో తమ్ముడేం చేస్తాడని అడుగుతున్నారు. వాడు నాలుగు రోజులుగా 'నేను లేకపోతే మీకందరికీ ప్రశాంతం' అంటున్నాడు. నేనేం చేయాలి?

అమ్మా, మీరు ఏదో మాటవరసకన్నట్టు చివర్లో రాసిన వాక్యాన్ని నేను ముందు తీసుకుంటున్నాను. కోపంలో అన్నాడా, నిజంగానే అలాంటి ఆలోచన ఉందా అని మీలో మీరు ఊహించుకోవద్దు. ఈ రాత్రే పక్కన కూర్చుని 'చచ్చిపోవాలని ఉందా రా' అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది భయపడతారు, అలా పుట్టదు, అడిగే మనిషి ఒకరున్నారని తెలిసి గుండె బరువు దిగినవాళ్ళనే నేను చూశాను. అవునన్నా, తలొంచుకుని మాట్లాడకపోయినా, ఒంటరిగా వదలకండి, తెల్లారగానే రుయా ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రయితే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. కింద రాసేదంతా ఈ పని అయ్యాకే.

ఇక నాన్న సంగతి. ఆయన పాతకాలం మనిషి, కొత్తదంటే పడదు అని రాశారు. నాకలా అనిపించలేదు. ఏడాదిన్నరగా పక్క గదిలోంచి ఆ చప్పుళ్ళన్నీ ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి కదా, ఇన్నాళ్ళూ ఇంట్లోంచి పొమ్మనలేదు, అన్నం దగ్గర్నుంచి లేవలేదు. లేచింది తన గొంతు విన్న రోజే. అది కూడా కొడుకు వినిపిస్తే వినలేదు, అన్న కొడుకు ఫోన్లో, నలుగురి మధ్య విన్నారు. ఉద్యోగమంతా బస్సులో టికెట్, టికెట్ అని అరిచిన గొంతు అది. వారానికొక్కసారి రాముడి ముందు కూర్చున్నప్పుడు మాత్రమే ఆయనదిగా ఉండే గొంతు. దాన్ని ఆయనకి తెలియకుండా పట్టి, కోసి, ఊరందరి ఫోన్లలో పెడితే ఆయనకి ఎలా ఉంటుంది? ఈ విషయంలో నేను పూర్తిగా నాన్న వైపే.

చట్టం కూడా ఆయన వైపే ఉంది. పాడినవాళ్ళకి తమ గానం మీద ప్రదర్శకుల హక్కు అని ఒకటి మన కాపీరైట్ చట్టంలో ఉంది, అది 50 ఏళ్ళు ఉంటుంది, వాళ్ళ అనుమతి లేకుండా రికార్డు చేసి వాడుకోకూడదు. తండ్రీ కొడుకుల మధ్య చట్టం ఎందుకని మీరనుకోవచ్చు. చెప్పడానికి కారణముంది, ఆ బెంగళూరు కాగితం దగ్గర మళ్ళీ వస్తాను.

తమ్ముడు ముందు చేయాల్సింది ఆ ఒక్క పాటను కిందికి దించడం. పాటను యాప్‌లన్నిటికీ పంపే డిస్ట్రిబ్యూటర్‌కి చెబితే కొద్దిరోజుల్లో తీసేస్తారు. తీసేశాక, అమ్మనీ మిమ్మల్నీ వెంట తెచ్చుకోకుండా, ఒక్కడే వెళ్ళి నాన్న ముందు కూర్చోవాలి. 'మీకు నచ్చలేదని సారీ' అంటే అది క్షమాపణ కాదు, మీకు వినడం రాదని చెప్పడమే. 'మిమ్మల్ని అడక్కుండా మీ గొంతు తీసుకున్నాను నాన్నా, అది తప్పు, పాట తీసేశాను' అనాలి. పాటలు చేస్తున్నందుకు క్షమాపణ అడగక్కర్లేదు, అడగకూడదు కూడా. ఆ రెంటినీ కలిపేస్తే ఇంట్లో ఎవరికీ ఏదీ తేలదు.

తర్వాత నాన్న అడిగితేనే, ఆ గొంతు ఎందుకు వాడుకున్నాడో చెప్పమనండి. మీ తమ్ముడికి ఆ గొంతంటే ఇష్టం లేకపోతే వాడుకునేవాడే కాదు కదా, ఈ మాట నాన్నకి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. గొంతును ముక్కలు చేయడమంటే ఏంటో ల్యాప్‌టాప్ తెరిచి చూపించమనండి. రామ అన్న మాటను కోసి తిప్పితిప్పి వినిపిస్తే ఒకచోట అది మరా అని వినబడుతుంది, వాల్మీకి కథ తెలిసిన మనిషికి అక్కడ ఎవరూ ఏమీ విడమరచి చెప్పక్కర్లేదు. కానీ తమ్ముడికి కూడా ఒక ప్రశ్న ఉంది, కోసిన ఆ భజన ఎవరిదో, అందులో మాటలకు అర్థమేమిటో వాడికి తెలుసా? తెలియకపోతే నాన్ననే అడగమనండి. తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య పాటల మాటలున్నాయి, రాగం పేర్లున్నాయి, స్వరాలు మాత్రం లేవు. మనం ఇవాళ పాడుకునే బాణీల్లో చాలావాటిని ఈ వందేళ్ళలోపు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, తర్వాత గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్‌గారు లాంటివాళ్ళు కట్టారు. పాత మాటకు కొత్త బాణీ కట్టడం తిరుపతిలో కొత్తేమీ కాదు. అయితే వాళ్ళు ఆ మాటల దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఈ సంగతిని నాన్న మీద వాదన గెలవడానికి వాడొద్దు, తమ్ముడికే చెప్పండి.

ఇప్పుడు వాడి పని గురించి, మెరుగులు దిద్దకుండా రాస్తాను. ఎలక్ట్రానిక్ సంగీతం మన దేశంలో నిన్నమొన్న పుట్టింది కాదు, 1969లోనే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో, కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో సింథసైజర్ల మీద, డ్రమ్ మెషిన్ మీద పది రాగాలను డిస్కో దరువుకి వాయించి రికార్డు వేశారు. అప్పట్లో అది అమ్ముడుపోలేదు. 2010లో విదేశంలో మళ్ళీ విడుదలయ్యాక, డెబ్బై దాటిన వయసులో ఆయన్ని యూరప్ వేదికలకి పిలిచారు. 2015లో పోయారు. మీ తమ్ముడికి ఈ కథ తెలిసే ఉంటుంది, ఇలాంటి పాటలు చేసే పిల్లలకి ఇది ధైర్యం. నేను మాత్రం ఇంకోవైపు నుంచి చూడమంటాను, ఆయనకి అన్నం పెట్టింది ఆ రికార్డు కాదు, ఇతరుల పాటలకు వాయించిన పని.

స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను గడిచిన 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లయినా వినకపోతే దానికి పైసా కూడా రాదు. మీ తమ్ముడి 14 పాటల్లో 11కి వచ్చింది సున్నా అంటే కారణం అదే కావచ్చు. తెలుగులో సినిమాతో సంబంధం లేని పాటకు వినేవాళ్ళే తక్కువ, అందులో ఈ రకం పాటకు ఇంకా తక్కువ. ఆ కొద్దిమందీ చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో, ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటారు. కాబట్టి పాటల మీదే ఇల్లు గడవాలంటే ఏళ్ళు పడుతుంది, గడవకపోనూ వచ్చు. ఇది వాడికి టాలెంట్ లేదని చెప్పడం కాదు. అసలు సినిమా పాటల జోలికి పోకుండా 60 వేలసార్లు వినిపించుకున్న పాట ఒకటుందంటే నేను దాన్ని చిన్నగా చూడను.

వాడి చేతిలో ఉన్న విద్యకి తిరుపతిలోనే పని ఉంది. కోచింగ్ సెంటర్ల వీడియో పాఠాలు చూడండి, సగం వాటిలో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళకి, షార్ట్ ఫిల్ములు తీసే కాలేజీ పిల్లలకి, నాట్య ప్రదర్శనలకి ట్రాక్ కావాల్సిన గురువులకి శబ్దం శుభ్రం చేసి, కలిపి ఇచ్చే మనిషి కావాలి. పొద్దున పూట ఆ పని, సాయంత్రం నుంచి తన పాట. ఉద్యోగానికి తిరిగి వెళ్ళడం ఇష్టమైతే వెళ్ళొచ్చు, అదేం ఓటమి కాదు, కానీ నాన్న గడువు పెట్టారని, తలవంపుతో వెళితే మూడు నెలల్లో తిరిగొస్తాడు.

ఆ 50 వేల కాగితం మీద ఇప్పుడు సంతకం చేయొద్దు. పాటలో రెండు ఆస్తులుంటాయి. బాణీ, మాటలు ఒకటి, రికార్డింగు ఇంకొకటి. హక్కులన్నీ అంటే ఆ రెండూ అనే వాళ్ళ ఉద్దేశం. 2012లో చట్టాన్ని సవరించాక, బాణీ కట్టినవాళ్ళకీ మాటలు రాసినవాళ్ళకీ ఆ పాట మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు ఉంది, దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసిచ్చేయడానికి వీల్లేదు, రాసినా చెల్లదు. కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకే 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకమనండి. ఇవ్వాలనుకుంటే ఒకటి రెండు పాటలు, రెండు మూడేళ్ళకి, లైసెన్సుగా, అంటే హక్కు తన దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి మాత్రం ఇవ్వడం గురించి మాట్లాడొచ్చు. బాణీలూ మాటలూ తనవే కాబట్టి, అలాంటివాళ్ళకి రాయల్టీలు వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యుడిగా చేరమనండి. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించండి, ఆ ఫీజు మాత్రం మీరిస్తే నాకు అభ్యంతరం లేదు.

ఇందాక వస్తానన్నది ఇక్కడికే. ఇలాంటి కాగితాల్లో ఒక వాక్యం ఉంటుంది, పాటలో ఉన్న ప్రతి శబ్దమూ నాదే, లేదా అనుమతితో వాడినదే, తేడా వస్తే బాధ్యత నాదే అని. నాన్న గొంతు అడక్కుండా తీసుకున్న మనిషి దానికింద సంతకం ఎలా చేస్తాడు? పంబ వాయించినవాళ్ళదీ అదే సంగతి. వచ్చే జాతరకి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఇలా వాడుకుంటున్నానని చెప్పి, ఎంతోకొంత చేతిలో పెట్టమనండి, పాట వివరాల్లో వాళ్ళ పేర్లు వేయమనండి. నాన్న ఒప్పుకున్న రోజున ఆయన పేరు కూడా.

మీ పది వేల మాట మిగిలింది. కొంచెం కటువుగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. తమ్ముడు అడక్కుండా గొంతు తీసుకున్నాడు, మీరు చెప్పకుండా ఏడాదిన్నర డబ్బిచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు, కాదనను. కానీ కొడుకు సంపాదిస్తున్నాడని ఆయన నలుగురికీ చెప్పుకుని ఉంటారు, ఈ సంగతి కూడా ఏ అన్న కొడుకు నోటో వింటే ఆయన రెండోసారి లేచిపోతారు, అప్పుడు మీ మీద. కాబట్టి మీ నోటితో మీరే చెప్పండి, తమ్ముడి క్షమాపణ అయిన రెండు మూడు రోజులకి, ఆయన చల్లబడ్డాక. 'ఇన్నాళ్ళూ నేనే ఇచ్చాను నాన్నా, ఇంకో మూడు నెలలు ఇస్తాను, వచ్చే నెల ఏడు వేలు, ఆపైన నాలుగు, ఆపైన రెండు, తర్వాత వాడి ఖర్చు వాడిది' అని తేదీలతో సహా చెప్పండి. మైకులు, ప్లగిన్లు ఇకమీదట వాడి సంపాదనతోనే. ఇంట్లో తిండికీ గదికీ వాడు నెలకు కొంత అమ్మ చేతిలో పెట్టాలి, మొదట్లో వెయ్యి రూపాయలైనా సరే.

తమ్ముడు స్థిరపడ్డాకే పెళ్ళి అని మీరు ఎక్కడా రాయలేదు, కానీ ఉత్తరమంతా అదే కనబడుతోంది. మీకు ఆ అబ్బాయి నచ్చితే ముందుకు వెళ్ళండి. తమ్ముడేం చేస్తాడంటే పాటలు చేస్తాడు, ఇంకా పెద్దగా సంపాదన లేదు, పని చూసుకుంటున్నాడు అని చెప్పండి. ఆ మాటకే వెనక్కి తగ్గేవాళ్ళయితే పెళ్ళికి ముందే తెలియడం మంచిది.

ఇంకొకటి అడగాలి. నాన్న ఏమన్నారో రాశారు, పెదనాన్న కొడుకు ఏం చేశాడో, బెంగళూరు వాళ్ళు ఎంతిస్తామన్నారో రాశారు. నాన్న గొంతున్న ఆ పాట మీకెలా అనిపించిందో ఒక్క ముక్కా రాయలేదు. మీరు దాన్ని పూర్తిగా విన్నారా? పాట దించేసే ముందు తమ్ముణ్ణి అడిగి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదట్నుంచి ఆఖరుదాకా ఒకసారి వినండి. విన్నాక నాకు రాయండి.